ఒడిసెల లేని యోడ

(విశాఖపట్టణమున నొక పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసమునకు పాఠము. వినవచ్చిన మిత్రులు కోరుటచే ఇచ్చట ప్రకటించుచున్నాము.)



ఈ మందిరమునకు దినమును పత్రికలు చదువవచ్చు మిత్రులొకరు గతవారము మమ్ము నొక ప్రశ్న యడిగిరి. "2025 ఏప్రిలు 28వ తేదీన ఫ్రాన్సుతో ఒడంబడిక చేసికొని మనవారు నౌకాదళమునకై 26 రఫేలు విమానములు కొనిరి. వెల సుమారు 63,000 కోట్ల రూపాయలు. మనుష్యు డెక్కకయే యెగురు డ్రోనులు లక్షలలో దొరకు ఈ కాలమున ఇన్ని వేలకోట్ల జెట్టులెందుకు? వానిని మోయుటకు కొండంత యోడ యెందుకు?" ఇదియే వారి ప్రశ్న. ప్రక్కనున్నవారును తలలూపిరి. ఒక్కమాటతో తేలునది కాదని మేమప్పుడు మిన్నకుంటిమి. ఓడల సంగతి విశాఖవారికి చెప్పబూనుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే యగును. అయినను ఆ 63,000 కోట్లును మన మందరము కట్టిన పన్నులనుండి వచ్చినవే గనుక కొంత యోపికతో వినవలసినదిగా వేడుచున్నాము.

కథను మన పాత విక్రాంతునుండి ఆరంభింతము. ఆ యోడ పని మొదలైనది 1943లో, ఇంగ్లండున టైను నదీతీరమున. అప్పటి పేరు హెర్క్యులీసు. 1945లో నీటిలోనికి దిగినది. అంతలో మహాయుద్ధము ముగియుటచే పని సగములో నిలిచిపోయి పండ్రెండేండ్లు అట్లే పడియుండెను. 1957లో మనవారు దానిని కొని, బెల్ఫాస్టు నగరమున పూర్తిచేయించి, 1961 మార్చి 4వ తేదీన విక్రాంతను పేరు పెట్టి మన జెండా ఎగురవేసిరి. ఇందొక విశేషమును మీరు గుర్తించవలెను. 1943లో పటము గీసినవాడు పంకా త్రిప్పుకొని యెగురు విమానములను తలచి గీసెను. ఓడ మన చేతికి వచ్చునప్పటికి జెట్టుల కాలము వచ్చినది. కావున ఓడకు ఏటవాలు డెక్కు కూర్చిరి; ఆవిరితో పనిచేయు ఒడిసెల యంత్రమును అమర్చిరి. అట్లు మార్చినమీదటనే సీహాకు జెట్టులును, అలిజే విమానములును ఆ డెక్కుపై నుండి యెగురగలిగినవి.

1971 డిసెంబరు మాట ఈ పట్టణమున చెప్పనక్కరలేదు. బాయిలరుకు బీటలు పడి పూర్తివేగముతో పోలేని విక్రాంతును వెదకికొనుచు పాకిస్తాను వారి ఘాజీ జలాంతర్గామి కరాచినుండి ఇంతదూరము వచ్చి, 3వ తేదీ రాత్రి మన రేవు ముంగిటనే మునిగినది. విక్రాంతు అప్పు డిచ్చట లేనేలేదు. అండమానుల వైపున నుండెను. మరునాడే దాని సీహాకులు కాక్సుబజారుపైనను చిట్టగాంగుపైనను దాడి చేసెను. మన బీచిరోడ్డుపైనున్న విజయస్మారకమును చూచినప్పుడు ఇది యంతయు మనకు గుర్తు వచ్చును. కాని ఆ తరువాతి కథ యే స్మారకముపైనను చెక్కబడలేదు; మన ప్రశ్నకు కావలసినది అదియే.

1983 చివర సీహారియరు జెట్టులు వచ్చినవి. అవి కురుచ పరుగుతో లేచి, నిలువున దిగగలవి. వానికి ఒడిసెలతో పనిలేదు. ఓడ ముక్కున ఒక యెత్తువాలు ఉండిన చాలును. 1987 మొదలు 1989 వరకు జరిగిన మరమ్మతులలో ఆ యావిరి ఒడిసెలను తీసివైచి ఎత్తువాలును కట్టిరి. జెట్టులకు సుఖమైనది. మరి అలిజే? అది ముగ్గురు మనుష్యులను, రాడారును మోసికొని గంటలకొలది సముద్రముపై తిరుగుచు జలాంతర్గాములను వెదకు విమానము. ఒడిసెల విసరనిదే అది డెక్కునుండి లేవలేదు. 1987 తరువాత అది మరల విక్రాంతు నెక్కలేదు. ఆ పని హెలికాప్టర్లపై పడినది. జెట్టు కొరకు ఓడను మార్చితిమి. మార్చుటలో ఓడకున్న కన్నులలో ఒకటి పోయినది. ఇది యెవరి తప్పనియు మేము చెప్పుట లేదు. ముసలియోడకు అంతకంటె చేయగలుగునదియు లేకుండెను. 1997 జనవరిలో ఆ యోడ సేవ చాలించునప్పటికి దాని వెన్నుగట్టు వేసి 53 ఏండ్లు. ఆ కాలములో ఎన్ని తరముల విమానములు పుట్టి గిట్టెనో మీరే లెక్కింపుడు.

ఇప్పుడు ఒడిసెలకును ఎత్తువాలుకును గల భేదమును కొంచెము విప్పిచెప్పవలెను. ఇది తెలియక ఈ విషయమున నొక్క యడుగును ముందుకు సాగదు. జొన్నచేలలో మంచెపై నిలిచినవాడు ఒడిసెల త్రిప్పి రాయి విసరుట మనమెరిగినదే. రాతికి తన బలము లేదు. బలమంతయు విసరు చేతిది. నావికులు క్యాటపుల్టని పిలుచు యంత్రమును అట్టిదే. డెక్కులో చీలిక యొకటి యుండును. ఆ చీలికలో నడచు కొక్కెము విమానపు ముందుచక్రమును పట్టుకొని, రెండుమూడు సెకండులలో ఎగురువేగము నందించి సముద్రముపైకి విసరును. ఇంజను బలహీనమైనను, బరువు హెచ్చైనను చింతలేదు. ఎత్తువాలు మాట వేరు. మన క్రొత్త విక్రాంతుకు 14 డిగ్రీల యెత్తువాలు కలదు. నావికులు దానిని స్కీజంపు అందురు. విమానము తన యింజను బలముతోడనే పరుగెత్తి ఆ వాలు నెక్కి గాలిలోని కెగయవలెను. చెడిపోవుటకు యంత్రమే లేదు, ఖర్చు స్వల్పము. ఇది గొప్ప సుగుణమే. కాని బరువు మిక్కుటమైన దినమున పెట్రోలో ఆయుధములో తగ్గించుకొనక తప్పదు. ఇక పెద్ద రాడారును వీపుపై మోయుచు మెల్లగా నెగురు విమానమును ఎత్తువాలుపైనుండి నడపిన దేశము ఇంతవరకు లేదు.

ఆ కన్ను లేకున్న నేమగునో ఇంగ్లీషువారు తమ నెత్తురుతో నేర్చుకొనిరి. ఒడిసెలలు గల వారి పాత ఆర్క్‌రాయలు ఓడ 1979లో సేవ చాలించెను. దానితో దూరమునుండి శత్రువును కనిపెట్టు గానెట్టు విమానములును పోయినవి. మూడేండ్లకే ఫాక్‌లాండు యుద్ధము వచ్చిపడినది. 1982 మే 4వ తేదీన అర్జెంటీనా జెట్టులు అలలను రాచికొనుచు వచ్చి విసరిన క్షిపణి షెఫీల్డు అను ఓడను తాకెను. ఇరువదిమంది నావికులు చనిపోయిరి. ఆమీదట హెలికాప్టర్లకు హడావుడిగా రాడార్లు కట్టి పంపిరి. అవి యుద్ధము ముగిసినపిదపనే సముద్రము చేరెను.

ఇంత జరిగినమీదట ఆ దేశము తన క్రొత్త యోడలకు ఒడిసెలలు పెట్టియుండునని మీరు తలపవచ్చును. ఇచ్చటనే వినోదము కలదు. క్వీన్ ఎలిజబెత్తు, ప్రిన్సు ఆఫ్ వేల్సు అను రెండు నౌకలు, ఒక్కొక్కటి 65,000 టన్నులది, 280 మీటర్ల పొడవుది. అర్ధశతాబ్దము సేవ చేయుటకు కట్టినవి. కావలసినప్పుడు ఒడిసెలలు అమర్చుకొనవచ్చునను మాటతోడనే వాని పటములు గీసిరి. 2010 అక్టోబరులో అక్కడి ప్రభుత్వము, "అట్లే చేయుదము, నిలువున దిగు జెట్టులు మాని ఒడిసెలతో నెగురు జెట్టులు కొందుము" అని తీర్మానించెను. ఓడను విప్పి లెక్కలు చూడగా గాని అసలు సంగతి బయటపడలేదు. ఒక్క యోడను మార్చుటకు 95 కోట్ల పౌండ్లు చాలునన్న యంచనా రెండు వందల కోట్లకు పెరిగినది. సిద్ధమగుటకు మూడేండ్లు ఆలస్యము. 2012 మేలో ప్రభుత్వము తన తీర్మానమును తానే రద్దుచేసికొనెను. మార్చుటయు లేదు, మారుటయు లేదు. అటు పోయి యిటు వచ్చిన ఖర్చే 7 కోట్ల 40 లక్షల పౌండ్లని వారి ఆడిటు కార్యాలయము తేల్చినది. ఆ ఓడలు విద్యుత్తుతో నడచునవి గనుక యంత్రమునకు కావలసిన శక్తికి లోటు లేకుండెను. చోటు ఉంచితిమను మాటయు కాగితముపై నుండెను. చోటు ఉంచుట వేరు, చోటు ఉంచితిమని చెప్పుకొనుట వేరు. కట్టుబడి సాగినకొలది ఆ చోటులో గదులు వెలసినవి, గొట్టములు పారినవి, తీగలు అల్లుకొన్నవి. ఇల్లు కట్టుచు మెట్లకని విడిచిన మూలలో ధాన్యపు గాదె వెలసినట్లైనది.

తొమ్మిదేండ్లు గడచినవి. 2021లో అదే నౌకాదళము యంత్రనిర్మాతలను మరల నడిగినది: సుమారు 25 టన్నుల బరువు వరకు విసరగల విద్యుదయస్కాంతపు ఒడిసెల, దిగువానిని పట్టుకొను ఉక్కుమోకులు మాకు దొరకునా? అని. ఈ మారు కోరిక జెట్టులకొరకు మాత్రమే కాదు, డ్రోనులకొరకు కూడ. 2023 నవంబరు 15వ తేదీన అమెరికా తూర్పుతీరమున ప్రిన్సు ఆఫ్ వేల్సు డెక్కుపైనుండి మొహావే యను డ్రోను ఒడిసెల లేకయే లేచి, మోకులు లేకయే దిగినది. పత్రికలు దానిని మెచ్చుకొన్నవి; మెచ్చదగినదే. కాని దాని రెక్కల వెడల్పు దాదాపు 17 మీటర్లు. అదే డెక్కుపై నిలుచు ఎఫ్-35 జెట్టుకు 11 మీటర్లకు లోపే. మనుష్యుడు లేనిది చిన్నదై యుండునని మనము తలతుము. గాలిలో చిరకాలము తేలవలసినదానికి గ్రద్దకువలె రెక్కలు పొడుగై యుండవలెను. డెక్కుపై నొక పొడుగు రెక్కలది నిలిచిన రెండు జెట్టుల చోటు పోవును. 2025 జూన్‌లో వెలువడిన వారి రక్షణవిధాన సమీక్ష జెట్టులును డ్రోనులును కలిసిన మిశ్రమదళమునే తమ నౌకలపై నుంచుదుమని ప్రకటించినది.

ఇక మిత్రుల ప్రశ్నలోని మొదటిమాటకు వత్తము: డ్రోను ఉండగా జెట్టెందుకు? దీనికి అమెరికావారి యనుభవమే సమాధానము. 2013 మే నెలలో ఎక్స్-47బి యను పైలటు లేని జెట్టును వారు జార్జి బుష్షు నౌకపైనుండి ఒడిసెలతో విసరిరి. జూలై 10న అది తనంతతాను వచ్చి కదలుచున్న ఓడపై మోకును పట్టుకొని నిలిచినది. ఏండ్లతరబడి సాధనచేసిన పైలటుకును రాత్రివేళ గుండె జల్లుమనిపించు పని అది. లోకమంతయు, ఇక పైలటుల కాలము ముగిసినదనెను. ఆ తరువాత నేమి జరిగినది? ఆ యంత్రమును వారు యుద్ధమునకు పంపలేదు. దాని సంతతికి అప్పగించిన యుద్యోగము ఆకాశమున పెట్రోలు పోయుట! జెట్టుల దూరము చాలక, కొన్ని జెట్టులనే పెట్రోలుబండ్లుగా వాడుకొనుచు, ఆ పనికే వానిని అరుగదీసికొనుచుండిరి. కనుక 2018లో బోయింగు వారికి ఎంక్యూ-25 డ్రోనును తయారుచేయ నప్పగించిరి. 2021 జూన్ 4వ తేదీన అది గాలిలో నొక జెట్టునకు పెట్రోలు పోసినది. మనుష్యుడు లేని విమానము మనుష్యుడున్న విమానమునకు ఇట్లు సేవకుడైనది. ఒకదానినుండి మరియొకటి ఉద్యోగము లాగికొనుచున్నదని మనమనుకొనినది సత్యమునకు దూరము.

ఓడలో డ్రోనును దింపుట విమానమును దింపుటవంటిదే యని తలపరాదు. డెక్కుపై పసుపుచొక్కా తొడిగినవాడు చేతులు ఊపి పైలటునకు త్రోవ చూపును. డ్రోనులో ఆ చేతిని చూచు కన్ను లేదు. ఎక్స్-47బిని డెక్కుపై నడుపుటకు నావికుని ముంజేతికి ఒక చిన్న యంత్రమును కట్టవలసివచ్చినది. డ్రోనులను ఆజ్ఞాపించుటకై ప్రత్యేకపు గది యొకటి కావలెను. అమెరికా నౌకలలో అట్టి మొదటి గదిని 2024లో జార్జి బుష్షులోనే అమర్చిరి. తంతిలేని సంకేతము తెగినచో యంత్రమేమి చేయవలెనో ముందే నేర్పవలెను. పెట్రోలు అడుగంటిన జెట్టు ఆకాశమున తిరుగుచు దిగుటకు వేచియుండగా, డెక్కు నడుమ నొక డ్రోను కాలు విరిగి కూలబడెనేని అప్పుడెవరిది తొందర? ఇవి కాగితముపై పరిష్కారమగు చిక్కులు కావు, డెక్కుమీద నెలలతరబడి చెమటోడ్చి నేర్వవలసినవి.

మరియొక చిక్కు పెట్రోలు. ఇచ్చట కొంచె మాగుదము. దీని నెవ్వరును చెప్పరు. జెట్టులు త్రాగునది కిరసనాయిలు జాతిది. నిప్పంటుట కొంత నెమ్మది. చిన్న డ్రోనులు పెక్కింటికి మోటారుకార్లకువలె అసలు పెట్రోలే కావలెను. దాని యావిరి యెంతటి ప్రమాదకరమో పూర్వపు నావికు లెరుగుదురు. 1944 జూన్‌లో జపానువారి క్రొత్త విమానవాహకనౌక తైహో ఒకే టార్పెడో తగిలినంతమాత్రాన మునుగలేదు. లోపల పగిలిన టాంకుల యావిరి ఓడంతయు వ్యాపించి, కొన్ని గంటల పిదప ప్రేలిపోయెను. జెట్టుల కాలము వచ్చినతరువాత నావికులు ఆ పెట్రోలు పీడ వదలెనని ఊపిరి పీల్చుకొనిరి. డ్రోనుపేరిట దానిని మరల ఓడలోనికి ఆహ్వానింతుమా? తురుష్కులు ఆహ్వానింపలేదు. నేలమీది వారి టీబీ2 డ్రోను పెట్రోలు త్రాగునది. ఓడకొరకు చేసిన టీబీ3కి జెట్టులు త్రాగు నూనెతో నడచు ఇంజనును పెట్టిరి, రెక్కలకు మడతలు పెట్టిరి.

తురుష్కుల కథయు వినదగినదే. అనదోలు అను నౌకను వారు ఎఫ్-35 జెట్టులకొరకు కట్టుకొనిరి. రష్యానుండి క్షిపణులు కొన్నందుకు 2019లో అమెరికావారు ఆ జెట్టులు ఇయ్యమనిరి. ఓడ ఉన్నది, ఎత్తువాలు ఉన్నది, విమానము లేదు. పెండ్లిపందిరి వేసికొని పెండ్లికొడుకు లేనట్లైనది. వారు చేతులు ముడుచుకొని కూర్చుండక తమ దేశపు డ్రోనునే ఆ డెక్కునకు తగినట్లు తీర్చిదిద్దిరి. 2024 నవంబరు 19వ తేదీన టీబీ3 ఆ యెత్తువాలుపైనుండి లేచి, తిరిగివచ్చి, మోకుల సాయము లేకయే దిగెను. పరులు ఇయ్యకపోయినను తమ యోడ వట్టిపోకుండ చూచుకొన్న వారి పట్టుదలను మేము మెచ్చుకొందుము. ఆ డ్రోను జెట్టుతో ఆకాశమున తలపడగలదని మాత్రము వారును అనరు.

చీనావారు త్రోక్కిన త్రోవ వేరు. వారి ఫూజియాను నౌక అణుశక్తితో నడచునది కాదు. అయినను దానికి విద్యుదయస్కాంతపు ఒడిసెలలు పెట్టిరి. 2025 సెప్టెంబరులో వారు లోకమునకు చూపిన చిత్రములలో ఒకే డెక్కునుండి రెండు తరముల జెట్టులును, వీపున గుండ్రని రాడారు మోయు పంకా విమానమును విసరబడినవి. ఆ నవంబరు 5వ తేదీన ఓడ సేవలో ప్రవేశించెను. అంతకుముందే, 2024 డిసెంబరులో, సిచువాను అను మరియొక నౌకను నీటిలోనికి దింపిరి. సైన్యమును తీరమున దింపు జాతిది అది. అట్టి యోడకును ఒడిసెల పెట్టుట లోకమున నదియే మొదలు. ఈ విద్యుత్తు ఒడిసెలకు గల సుగుణ మేమనగా దాని లాగుబలమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును. ఆవిరి ఒడిసెల బరువు విమానములకు అలవాటుపడినది. తేలికదానిని లాగునపుడు నడుము విరుగగొట్టునను భయము కలదు. విద్యుత్తుది జెట్టును బలముగను, డ్రోనును మెల్లగను విసరగలదు. అయితే దానికి క్షణమాత్రమున కావలసిన విద్యుత్తు అపారము. అమెరికావారి ఫోర్డు నౌకలో అది మొదటి యేండ్లలో మాటిమాటికి చెడుచు వారిని వేధించినది. చెడిపోని వస్తువును ఎవ్వరును మనకు అమ్మబోరు.

ఇంటికి వత్తము. మనకు రెండు నౌకలున్నవి. విక్రమాదిత్య రష్యానుండి వచ్చినది. ముక్కున క్షిపణులుండినచోట ఎత్తువాలు కట్టించి మార్పించుకొన్నాము. 2004లో ఒప్పుకొన్న వెల 97 కోట్ల డాలర్లు. తుదకు కట్టినది దాదాపు 235 కోట్ల డాలర్లు. 2008లో రావలసినది 2013 నవంబరులో చేతికి వచ్చినది. మార్చుట యనునది ఇంగ్లీషువారినే కాదు, మనలను కూడ ఎంత యేడ్పించెనో ఇందువలన తెలియుచున్నది. రెండవది మన కొచ్చినిలో మనవారు కట్టిన విక్రాంతు. 2022 సెప్టెంబరు 2వ తేదీన సేవలో ప్రవేశించినది. సుమారు 20,000 కోట్ల రూపాయల వ్యయము. దానిని చూచి గర్వింపనివాడు లేడు, మేమును గర్వించితిమి.

గర్వమును కొంచెము ప్రక్కనుంచి లెక్క చూతము. విక్రాంతులోని నాలుగు గ్యాసు టర్బైనులు పంటిచక్రముల ద్వారా ఓడ పంకాలనే త్రిప్పును. ఆ శక్తిని విద్యుత్తుగా మార్చి ఒడిసెలకు మళ్లించు నేర్పాటు లేదు. లిఫ్టులను మిగ్-29 కొలతలకు కట్టిరి. మిగ్గు రెక్కలు మడుచుకొనును, రఫేలు రెక్కలు మడువదు. కావుననే కొనుటకు ముందే ఈ విమానము ఆ లిఫ్టులో ఎట్లు దూరునను చర్చ నడచినది. ఫ్రాన్సులో ఒడిసెలతో నెగురు రఫేలు మన యెత్తువాలు నెక్కగలదో లేదో 2022లో గోవాలోని నమూనా వాలుపై పరీక్షించి చూచిరి, ఎక్కగలిగినది. దూరమునుండి శత్రువును చూచుపని నేటికిని కామోవు హెలికాప్టర్లదే. అలిజే పోయిననాటి వెలితి, ఓడ మారినను, మారలేదు.

ఆ వెలితిని డ్రోను పూడ్చగలదా? మా దృష్టిలో మన నౌకలకు సంబంధించినంతవరకు డ్రోను చేయదగిన మొదటిపని ఇదియే. బాంబులు వేయుట తరువాతిమాట. రెక్కలు మడుచుకొనగలిగి, జెట్టునూనె త్రాగి, ఎత్తువాలుపైనుండి లేచి, రాడారుతో పది పండ్రెండు గంటలు తిరుగగల యంత్రము దొరకెనేని విక్రాంతుకు పోయిన కన్ను వచ్చినట్లే. నేడు మన నౌకాదళమునకు గల పెద్ద డ్రోనులు నేలమీదివి. 2024 జనవరిలో హైదరాబాదున అప్పగించిన దృష్టి-10 పొడుగు రన్‌వే కోరును. 2024 అక్టోబరులో అమెరికానుండి కొన నిశ్చయించిన 31 ఎంక్యూ-9బి డ్రోనులలో 15 నౌకాదళమునకు. వాని రెక్కలు 24 మీటర్లు. 62 మీటర్ల వెడల్పుగల డెక్కుపై, జెట్టుల నడుమ, అట్టిదానిని త్రిప్పుట ఎట్లో ఊహింపుడు. పైగా మిత్రులనిన లక్షల మాట యిచ్చట చెల్లదు. ఆ యొడంబడికయు వేలకోట్లదే. లక్షలలో వచ్చునవి వచ్చి తాకి పోవునవి. మరల వచ్చి ఓడపై దిగునవి కావు.

కావున మిత్రుల ప్రశ్నకు మా సమాధాన మిది. రఫేలులు కొనుట తప్పుకాదు. మిగ్గులు ముసలివైనవి, మన తేజసు నౌకావిమానము 2020 జనవరిలో విక్రమాదిత్యపై దిగి తన శక్తిని చూపినను దాని యింజను బలము యుద్ధభారమునకు చాలలేదు. ఓడ నున్నదున్నట్లుండగా దానికి పైలటుగల జెట్టు ఇంకను కావలెను. కాని ఆ 26 విమానములును ఇరువది ముప్పది యేండ్లలో పోవును. విక్రాంతు వానికంటె చిరకాలము బ్రదుకును. అందులో ఎగురబోవునవి యేవో నేడు ఎవ్వరును చెప్పలేరు; 1943లో టైను ఒడ్డున పటము గీసినవాడు సీహారియరును చెప్పగలిగెనా?

మేము దుఃఖించున దేమనగా, పత్రికలలో చర్చ యంతయు విమానమును గూర్చియే జరుగుచున్నది; ఏ దేశపుది, ఎంత వెల, ఎవరికి దళారి. డెక్కును గూర్చి, లిఫ్టును గూర్చి, ఓడలోని విద్యుత్తును గూర్చి అడుగువాడు లేడు. విమానము నచ్చకున్న పదేండ్లకు మార్చవచ్చును. ఓడలో ఒడిసెలకు చోటు విడువక కట్టితిమేని మన మనుమలు రెండు వందల కోట్ల పౌండ్ల లెక్కను మరల వేయవలసివచ్చును. అదే మచ్చున మరియొక విక్రాంతును త్వరగా కట్టుదమనువారును కలరు. కొచ్చిని పనివారి చేతులు పని మరువరాదని వారి వాదము. ఆ వాదమున న్యాయమున్నది. పని మరచిన చేతులకు మరల నేర్పుట ఒడిసెల కొనుటకంటె కష్టము. ఐనను వారిని మేము కోరున దొక్కటే: అట్లే కట్టుడు, కాని లిఫ్టును రెండు మీటర్లు పెంచుడు, విద్యుత్తును ఇనుమడింపుడు, డెక్కు క్రింద విడిచిన చోటును గదులకు ఇయ్యకుడు.

2025 సెప్టెంబరులో మన రక్షణశాఖ వారు రాబోవు పదునైదేండ్లకు సేనలకు కావలసిన వస్తువుల పట్టికను ప్రకటించిరి. అందులో విద్యుదయస్కాంతపు ఒడిసెల యున్నది, నౌకలపైనుండి యెగురు డ్రోనుల ప్రస్తావనయు నున్నది. పట్టికలో నున్నవన్నియు వచ్చునని యెవ్వరు ననుకొనరు. కాని మన ప్రతినిధులు ఈసారి ఈ పట్టణమునకు వచ్చి నౌకాదళమును పొగడుచు ప్రసంగించునప్పుడు, మన మిత్రులు రఫేలు వెలను గూర్చి గాక మరియొక ప్రశ్న నడుగుదురుగాక: కట్టబోవు ఓడ పటములో ఆ ఒడిసెలకు విడిచిన చోటు ఎన్ని మీటర్లు? దానికిచ్చు విద్యుత్తు ఎన్ని మెగావాట్లు? ఆ గదులకు తలుపు ఎవరి చేతిలో నున్నది?